అరవై గజాల ఇల్లు – నడినెత్తి సూర్యుడు

కూడు, గుడ్డల తరువాత గూడు అని పెద్దలు వరుస చెప్పారు. హైదరాబాదు వంటి నగరంలో మాత్రం ఈ మూడింటిలో మిక్కిలి ప్రియమైనది గూడే. జూబిలీహిల్స్‌ను ఆనుకొని ఉన్న బోరబండనే తీసుకొందాము. పేరులోనే బండ ఉన్నది. ఎగుడుదిగుడు సందుల వెంట చిన్న చిన్న స్థలాలు, వాటిలో అంగుళమైనా వదలక కట్టిన ఇళ్ళు, వాటిపై మరొక అంతస్తు. అరవై గజాలంటే 540 చదరపు అడుగులు. ప్రభుత్వం 2015 తరువాత కట్టించిన రెండు పడకగదుల ఇళ్ళు 560 చదరపు అడుగులవే కావున ఈ కొలతను చిన్నచూపు చూడనక్కరలేదు. ఇల్లు చిన్నదైనందుకు కాదు, అది వేడెక్కే తీరు తెలియకుండా కడుతున్నందుకే విచారించవలెనని మా అభిప్రాయము.

మన నగరం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అందుచేత ఏటా రెండు మార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో, మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టులో మబ్బులు కాపాడుతాయి. మే నెలలో ఆ రక్షణ లేదు. ఆ దినాలలో తూర్పు గోడకు ఉదయము, పడమటి గోడకు సాయంత్రము ఎండ తగులుతుంది. పైకప్పు మాత్రం ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకే వరకు కాగుతూనే ఉంటుంది. ఇరుగుపొరుగు ఇళ్ళు ఆనుకొని ఉన్నచోట పక్కగోడలకు ఎండే సోకదు. ఇరుకుతనం చేసే మేలు ఇదొక్కటే. కనుక చిన్న ఇంటి వేడిని గూర్చి ఆలోచించేవారు ముందుగా తల పైకెత్తి చూడవలెను.

రేకుల కప్పు ఎండతో మండి ఎండతోనే చల్లారుతుంది. స్లాబు స్వభావం వేరు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా వేడిని మింగి, మనం పడుకొనే వేళకు గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. కుటుంబమంతా చాపలు, దిండ్లు పట్టుకొని మేడ మీదికి ఎక్కడం ఇందుకే. దీనికి విరుగుడు తెలుపు. సున్నం పూసినా, తెల్లని పింగాణీ పెంకులు పరచినా ఎండలో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. 2017లో దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ కప్పులపై తెల్లని పొర పరచి చూడగా లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. రెండు డిగ్రీలేనా అని చంటిబిడ్డ తల్లి అనదు.

ఇక గాలి. దానికి వచ్చే దారి ఉంటే చాలదు, పోయే దారి కావలెను. సందువైపు తలుపు, కిటికీ పెట్టి తక్కిన మూడు దిక్కులూ మూసిన ఇల్లు మూతపెట్టిన కుండ. వేడిగాలి తేలికై పైకి పోతుందని మన పాత ఇళ్ళవారికి తెలుసు కాబోలు, కప్పు కింద రోషన్‌దాన్ పెట్టేవారు. ఆ ఉర్దూ మాట వెలుతురును చెబుతుంది గాని, అది చేసే ఉపకారంలో సగం గాలిదే. మన నగరపు పేరే గల సింధు హైదరాబాదులో ఒకప్పుడు కప్పుల మీద గాలిని పట్టి గదిలోకి దింపే గూళ్ళు ఉండేవి.

ఈ సూత్రాన్నే ఇరుకు ఇంటికి అన్వయించిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా. ఆయన 1930లో మన సికింద్రాబాదులో జన్మించారు. 1961–62లో అహమ్మదాబాదులో ఆయన కట్టిన ‘ట్యూబ్ హౌస్’ వెడల్పు ఇంచుమించు 12 అడుగులే. వేడిగాలి వాలుకప్పు లోపలి వైపున పైకి ప్రాకి, కొనన ఉన్న రంధ్రం గుండా వెళ్ళిపోతుంది. దాని చోటికి కింది నుండి బయటి గాలి వస్తుంది. లోపల గదులను వేరుచేసేది గోడల కంటె నేల ఎత్తులలోని తేడాయే. ఆ ఇల్లు నేడు లేదు. ఉపాయం ఉన్నది.

బోరబండలో వాలుకప్పు వేస్తే పై అంతస్తు పోతుందని ఎవరైనా అనవచ్చు, న్యాయమే. వెనుక మూలన నాలుగడుగుల చదరం ఆకాశం దాకా వదిలితే పోయేది 16 చదరపు అడుగులు, అనగా నూటికి మూడు. అదీ వదలలేనివారు మెట్లదారినే గాలిగొట్టముగా వాడుకొనవచ్చు. మెట్ల పైకప్పును అడుగు ఎత్తు లేపి పక్కలు జాలీతో వదిలితే వాన రాదు, వేడి పోతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించినది. ఆ విధానంలో 600 గజాలు, అంతకు మించిన స్థలంలోని నివాసాలకు అది తప్పనిసరి. తక్కువైతే ఇంటివారి ఇష్టము. ఆరువందల గజాలవారికి చెట్టునీడ కలదు, ఏ.సి. కలదు. అరవై గజాలవారికి ఇష్టము మాత్రమే కలదు. ఆ ఇష్టమున్నవారు ఉగాదికి ముందే కప్పు ఊడ్చి, కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయవలెను. వానకు అది కొంత కొట్టుకుపోతుంది గనుక మరుసటి ఏడు మళ్ళీ వేయవలసి ఉంటుంది.