అన్న చొక్కా తొడుక్కున్న అంకె

ఏమర్రా పిల్లలూ, ఇవాళ కబుర్లతో పాటు చేతికి పని కూడా ఉంది. లాప్‌టాప్ తెచ్చుకుని ఎక్సెల్ తెరవండి. ఏ1 గడిలో 15-08-1947 అని కొట్టండి, మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు. దాని కింద ఏ2లో 26-01-1950, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు. పక్కనున్న బీ1 గడిలో =ఏ1+30 అనే ఫార్ములా పెట్టండి. ఎంటర్ నొక్కగానే 14-09-1947 వచ్చిందా? "తేదీ చూపించమని బీ1కి మనం చెప్పలేదు కదా తాతయ్యా, దానికెలా తెలిసింది?" అంటారు. మంచి ప్రశ్న. కాసేపు జేబులో వేసుకోండి.

ఇప్పుడు అదే బీ1లో ఫార్ములాని =ఏ2-ఏ1 అని మార్చండి. రెండు రోజులకీ మధ్య ఎన్ని రోజులున్నాయో రావాలి కదా! వచ్చిందేమిటి? 13-06-1902. మనం అడిగింది 1947కీ 1950కీ మధ్య దూరం. నడుమ ఈ 1902 ఎక్కణ్ణుంచి ఊడిపడింది? కంప్యూటర్‌కి మతి పోయిందనుకోకండి. దాని లెక్క నూటికి నూరుపాళ్లూ సరిగ్గానే ఉంది. తేడా అంతా వేషంలో ఉంది.

గడిలో మనకు కనపడేది ఒకటి, లోపల దాగినది ఇంకొకటి. లోపల ఉండేది ఉత్త అంకె. దాన్ని ఎలా చూపించాలో చెప్పేది ఫార్మాట్. అంకె ఒళ్లనుకోండి, ఫార్మాట్ చొక్కా. చొక్కా మార్చినంత మాత్రాన ఒళ్లు మారదు.

తేదీకి లోపలి ఒళ్లు ఎలా ఉంటుందో చూద్దాం. 1900 జనవరి 1ని ఎక్సెల్ 1 అనుకుంటుంది. అక్కణ్ణుంచి రోజుకొకటి చొప్పున కలుపుకుంటూ పోతుంది. ఆ వరసలో 15-08-1947 అంటే 17394. 26-01-1950 అంటే 18289. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 895. మనకు కావలసిన జవాబు అదే, 895 రోజులు. బీ1 లోపల ఇప్పుడున్నదీ అదే. కాని దాని మీద తేదీ చొక్కా ఉంది కాబట్టి, 1900 నుంచి లెక్కపెట్టి 895వ రోజు ఏదో చూపించింది. అదే 13-06-1902.

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు. వందల సంవత్సరాల్లో 400తో భాగించబడేవి మాత్రమే లీపు. అయినా 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాము 1900ని లీపుగా లెక్కేసింది. తర్వాత వచ్చిన ఎక్సెల్, లోటస్ ఫైళ్లతో పేచీ రాకుండా ఆ తప్పుని అలాగే ఉంచేసుకుంది. అందుకే ఒక గడిలో 60 అని కొట్టి తేదీ ఫార్మాట్ ఇస్తే, క్యాలెండర్‌లో ఎప్పుడూ లేని 29-02-1900 ప్రత్యక్షమవుతుంది. సరదాగా చేసి చూడండి.

ఇక జేబులో వేసుకున్న ప్రశ్న తీయండి. బీ1కి తేదీ చొక్కా ఎవరు తొడిగారు? వెనకటి ఇళ్లలో అన్న చొక్కా తమ్ముడికి వచ్చేది చూడండి, సరిగ్గా అలాగే వచ్చింది. కొత్త గడి ఏ ఫార్మాటూ లేకుండా ఉంటుంది. ఆ స్థితికే జనరల్ అని పేరు. జనరల్ గడిలో మీరు ఫార్ములా పెట్టగానే, అది ఏ గడుల్ని పిలుస్తోందో ఎక్సెల్ చూస్తుంది. వాటికి తేదీ ఫార్మాట్ ఉంటే ఇక్కడా తేదీయే, రూపాయి గుర్తుంటే ఇక్కడా రూపాయే అనుకుని ఆ చొక్కానే దీనికీ తొడుగుతుంది. పిలిచే గడి లేకపోయినా టుడే, డేట్ లాంటి ఫంక్షన్లు తేదీ చొక్కాను తామే వెంట తెస్తాయి. లిబ్రెఆఫీస్ కాల్క్‌కీ ఈ అలవాటుంది, పాటించే తీరులో తేడాలున్నా.

ఎక్సెల్ ఈ పని ఫార్ములా పెట్టిన ఆ ఒక్క క్షణంలోనే చేస్తుంది. తర్వాత అన్న కొత్త చొక్కా కొనుక్కున్నా తమ్ముడికి పాతదే. అంటే ఏ1 ఫార్మాట్‌ని మీరు రేపు మార్చినా బీ1 మారదు. బీ1లో ఫార్ములాని మార్చినా ఒకసారి తొడిగిన చొక్కాని ఎక్సెల్ విప్పదు. మొదట =ఏ1+30 పెట్టినప్పుడు తొడిగిన తేదీ చొక్కాయే =ఏ2-ఏ1కీ మిగిలిపోవడానికి కారణం ఇదే. గడికి జనరల్ కాక వేరే ఫార్మాట్ మీరే ముందుగా ఇచ్చి ఉంటే, దాని జోలికీ అది పోదు.

అంకె తన చొక్కాని గుర్తుపెట్టుకోదనడానికి ఋజువు కావాలా? ఒక ఖాళీ గడిలో ="తేదీ "&ఏ1 అని కొట్టండి. తేదీ 15-08-1947 అని వస్తుందనుకుంటారు. రాదు, తేదీ 17394 అని వస్తుంది. మాటల పక్కన అతికించేటప్పుడు ఫార్ములాకి అందేది లోపలి అంకె ఒక్కటే. అక్కడ తేదీగా కనపడాలంటే టెక్స్ట్ అనే ఫంక్షన్‌తో మనమే రూపం చెప్పాలి. అయితే అలా చెప్పాక వచ్చేది అంకె కాదు, ఉత్త అక్షరాలు. వాటితో మళ్లీ లెక్కలు చేద్దామని కూర్చోకండి.

ఇంకో చోట కూడా ఇలాగే బోల్తా పడతాం. ఒక డ్రైవరు మూడు రోజుల డ్యూటీ గంటలు రాసుకున్నాడనుకోండి: 9:00, 8:00, 10:00. మూడూ కూడితే 27 గంటలు రావాలి. గడిలో మాత్రం 3:00 అని కనపడుతుంది. 24 గంటల కష్టం ఏమైపోయింది? ఎక్కడికీ పోలేదు. ఎక్సెల్‌కి ఒక రోజు అంటే 1, పన్నెండు గంటలంటే 0.5. 27 గంటలంటే 1.125. పై గడుల నుంచి వచ్చింది గోడ గడియారం ఫార్మాట్. గడియారం 24 దాటితే మళ్లీ మొదటికొస్తుంది కదా, అందుకని పూర్తి రోజుని వదిలేసి మిగిలిన మూడు గంటలే చూపించింది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే 27:00 కనపడుతుంది. ఇది తెలియక జీతాల పట్టీ రాసేవాళ్లు ఆ 3ని చూసి డబ్బు లెక్కగడితే డ్రైవరు నోట్లో మట్టే.

దశాంశాల దగ్గరా ఇదే కథ. 10.4, 10.4 ఉన్న రెండు గడులకి దశాంశాలు కనపడకుండా ఫార్మాట్ ఇచ్చామనుకోండి. పైన 10, దాని కింద 10 అని కనపడతాయి. కూడే గడికీ అదే ఫార్మాట్ వస్తుంది. అక్కడ లోపల 20.8 ఉంటుంది, పైకి 21 అని కనపడుతుంది. పదీ పదీ ఇరవై ఒకటా అని ఎవరైనా నవ్వుతారు. కనపడే అంకెలే కూడాలనుకుంటే రౌండ్ ఫంక్షన్‌తో అంకెనే సవరించాలి, ఫార్మాట్‌తో కాదు.

వీటన్నిటికంటే చికాకు పెట్టేది టెక్స్ట్ ఫార్మాట్. టెక్స్ట్‌గా ఉన్న గడిని ఫార్ములా పిలిస్తే ఆ లక్షణం ఫార్ములా గడికీ అంటుకుంటుంది. మొదటిసారి జవాబు చక్కగానే వస్తుంది. తర్వాత ఏదో చిన్న సవరణ చేసి ఎంటర్ కొట్టగానే జవాబు మాయమై, ఫార్ములా అక్షరాలే గడిలో కూర్చుంటాయి. అప్పుడు గడిని జనరల్‌కి మార్చండి, ఎఫ్2 నొక్కండి, ఎంటర్ కొట్టండి. జవాబు తిరిగొస్తుంది.

అనుమానం వచ్చినప్పుడు చొక్కా విప్పి చూడడం ఎలాగంటారా? కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని టిల్డె (~) నొక్కితే గడి జనరల్ అయిపోతుంది. షిఫ్ట్ లేకుండా కంట్రోల్ పట్టుకుని అదే మీట నొక్కితే షీటంతా ఫార్ములాలూ, తేదీల వెనక దాగిన అంకెలూ బయటపడతాయి. మళ్లీ నొక్కితే మామూలే. కంట్రోల్‌తో 1 నొక్కితే ఫార్మాట్ల పెట్టె తెరుచుకుంటుంది. తీసివేతలో తేదీలు తారుమారై గడి నిండా హాష్ (#) గుర్తులు వచ్చాయనుకోండి, అది కూడా తేదీ చొక్కా పనే. సున్నాకి కింద ఎక్సెల్‌కి తేదీల్లేవు.

ఒక్క హెచ్చరిక. ఫార్ములా గడికి వచ్చే ఈ పోలిక లోపలి అంకెకి హాని చేయదు. మనం టైపు చేసేటప్పుడు ఎక్సెల్ చేసే ఊహ అలా కాదు, అది సరుకునే మార్చేస్తుంది. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 అనే పేర్లు ఉండేవి. శాస్త్రవేత్తలు వాటిని గడుల్లో రాస్తే మార్చి ఒకటి, సెప్టెంబరు ఒకటి అనే తేదీలైపోయేవి. ఫార్మాట్ మార్చినా పేరు తిరిగి రాదు, లోపల మిగిలింది అంకే. విసిగి విసిగి 2020లో జన్యువులకి పేర్లు పెట్టే కమిటీయే వాటిని మార్చ్ఎఫ్1, సెప్టిన్1 అని మార్చుకుంది. అందుకని ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు, కోడ్‌లు లాంటివి ఎక్కించాలంటే టైపు చేయకముందే ఆ గడులకి టెక్స్ట్ ఫార్మాట్ ఇవ్వండి.

కనుక పిల్లలూ, జవాబు వింతగా ఉంటే ముందు ఫార్ములాని తిట్టకండి, ఫార్మాట్‌ని జనరల్ చేసి చూడండి. అప్పటికీ తప్పుగానే ఉంటే, అది మీ లెక్కలో తప్పు.