తాండూరులో ‘లోడు’ అంటే లారీ, మనీలాలో బ్యాలెన్స్.. ఇంతకీ మీ ఫోన్‌కి ఏ ఇంగ్లిష్ వచ్చు?

తాండూరులో మా కాకకు బండల పాలిష్ యూనిట్ ఉంది. పోయినేడాది జూన్ 5న పుణె కస్టమర్‌కి కొత్త ఫోన్‌లోంచి కొటేషన్ పంపాడు. మర్నాడు అటునుంచి కాల్: “ఇది మే 6 రేటు కదా, నెల దాటింది, ఇప్పటి రేటు పంపండి.” చూస్తే కొటేషన్ మీద 06/05 అని ఉంది. అమెరికా లెక్కలో ముందు నెల, తర్వాత తేదీ. ఫోన్ సెటప్ చేసేటప్పుడు లిస్టులో మొదట కనబడిన ‘ఇంగ్లిష్ (యునైటెడ్ స్టేట్స్)’ నొక్కేసింది నేనే! సంగతి తేలేలోపు ఆయన వేరేచోట లోడు బుక్ చేసుకున్నాడు.

“ఏమిరా, ఇంత పైసల్ పెట్టి కొంటే తారీఖు గూడ సక్కగ రాయొస్తలేదా దీనికి?” అన్నాడు కాక. నా దగ్గర జవాబు లేదు.

రివ్యూల్లో మనం కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ అన్నీ చూస్తాం. ఫోన్‌లో ఏ దేశం ఇంగ్లిష్ ఉందో ఎవరం చూడం. అది మారిస్తే తేదీ ఒక్కటే కాదు, అంకెలూ మారతాయి. ‘ఇంగ్లిష్ (ఇండియా)’లో లక్ష అంటే 1,00,000. అమెరికా సెట్టింగ్‌లో అదే 100,000. కామా ఎక్కడ పడిందో చూసి రేటు చదివే వ్యాపారికి ఇది చిన్న తేడా కాదు.

వాయిస్ టైపింగ్ సంగతి ఇంకా తమాషా. అమెరికా ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు కాక ‘వన్ లాఖ్’ అంటే ఫోన్ తాళం వేసే ‘లాక్’ రాసింది. 2022లో జీఐ గుర్తింపు వచ్చిన మన తాండూరు కంది కాస్తా ‘క్యాండీ’ అయింది! ఇండియాకి మార్చాక లక్ష లక్షగానే వచ్చింది.

కాక తప్పు మాట్లాడాడా? లేదు. మనం ‘టేబుల్’లో ట తెలుగు ట లాగే నాలుక మడిచి పలుకుతాం. ‘ఎగ్’ చాలామంది నోట ‘యెగ్’ అవుతుంది. ‘బస్’ చివర ఉకారం చేరి ‘బస్సు’ అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ గొంతులు విని నేర్చుకుందో ఆ గొంతులనే బాగా పట్టుకుంటుంది, అంతే. ఈ తిప్పలు మనకే కాదు. ఐదు పెద్ద కంపెనీల వాయిస్ సిస్టమ్‌లను పరీక్షించి 2020లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అందులో తెల్లవాళ్ల మాటల్లో సగటున 19 శాతం తప్పులు వస్తే, నల్లజాతివాళ్ల మాటల్లో 35 శాతం వచ్చాయి. వాళ్లదీ అమెరికా ఇంగ్లిషే! ఇక 2011లో వచ్చిన సిరికి ఇండియన్ ఇంగ్లిష్ అందింది 2015లో, ఐఓఎస్ 8.3తో.

ఫోన్ మాటలే తీసుకోండి. మనం ‘రీచార్జ్’ చేస్తాం, బ్రిటన్‌లో ‘టాప్ అప్’ చేస్తారు, దక్షిణాఫ్రికాలో ‘ఎయిర్‌టైమ్’ కొంటారు. ఫిలిప్పీన్స్‌లో దాన్ని ‘లోడ్’ అంటారు. తాండూరులో లోడు అడిగితే లారీ బండలు దిగుతాయి మరి! మన ‘మిస్డ్ కాల్’ నైజీరియాలో ‘ఫ్లాష్’, ఉగాండాలో ‘బీప్’. సింగపూర్‌లో ఫోన్‌నే ‘హ్యాండ్‌ఫోన్’ అంటారు. ఇందులో ఏది అసలు ఇంగ్లిష్ అని ఎవర్ని అడుగుతాం?

మన వైపు ఈ మాటలు చాలావరకు రైలుతో వచ్చాయి. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా వాడి దాకా లైను పడింది 1874లో. టికెట్టు, సిగ్నలు, టేషన్ అప్పట్నుంచీ మనవే. నిజాం కాలంలో ఆఫీసు భాష ఉర్దూ కాబట్టి తారీఖు, రసీదు కూడా పక్కనే ఉండిపోయాయి. కాక ఒక్క వాక్యంలో మూడు భాషలూ కలిపేస్తాడు. అక్కడ మాత్రం ‘ఇంగ్లిష్ (ఇండియా)’ కూడా చేతులెత్తేస్తోంది. ఈ విషయంలో నేను దానికి పాస్ మార్కులు వేయను.

సరే, మీ ఫోన్‌లో చెక్ చేసుకోండి. మూడు చోట్ల చూడాలి: సిస్టమ్ లాంగ్వేజ్, కీబోర్డ్‌లో వాయిస్ టైపింగ్, అసిస్టెంట్. ఒకటి మారిస్తే మిగతావి వాటంతట అవే మారతాయన్న గ్యారంటీ లేదు. నేను మొదట సిస్టమ్ ఒక్కటే మార్చి అంతా అయిపోయిందనుకున్నా.

కాక ఇప్పుడు ఏ సెట్టింగ్‌నీ నమ్మడు. కొటేషన్ మీద నెల పేరు అక్షరాల్లోనే రాయాలంటాడు: ‘5 జూన్’.