మూలప్రతికి ముద్ర

తాళపత్ర గ్రంథములను చూచినవారికి ఒక విషయము తెలిసియే యుండును. ప్రతి వ్రాసి ముగించిన లేఖకుడు చివర సంవత్సరమును, తిథిని, తన పేరును చేర్చెడివాడు. ఆ పంక్తులు లేనిచో అది ఏనాటి ప్రతియో నిర్ణయించుట కష్టము. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి చిక్కే కలదు.

ప్రోగ్రాము యొక్క మూలరచనను సోర్సు కోడు అందురు. అది దినదినమును మారుచుండును. ఆ మార్పులనెల్ల వరుసగా దాచియుంచు భాండారమే రిపాజిటరీ. అందుండి ఒక ప్రతిని వెలికి తీయుట చెక్ అవుట్. అట్టి ప్రతినుండి తయారైన ప్రోగ్రాము ఒక ఆసుపత్రిలో మందుల మోతాదు లెక్కించుచున్నదనుకొందము. లెక్క తప్పినది. అది ఏ ప్రతినుండి పుట్టెనో తెలియక తప్పును వెదకుట యెట్లు?

సంఖ్యను మనమే వ్రాసికొనిన చాలదా యందురేమో. చాలదు. రచనను మార్చి సంఖ్యను మార్చుట మరచినచో ఆ గుర్తు అబద్ధమాడును. గుర్తు లేకుండుటకన్న తప్పుడు గుర్తు కీడు. కావున ఈ పనిని భాండారమునకే అప్పగింపవలెను.

1972లో బెల్ లేబొరేటరీలో మార్క్ రాచ్‌కిండ్ ఆరంభించిన ఎస్.సి.సి.ఎస్. ఇట్లే చేసెను. రచయిత మూలములో ఒక సంకేతమును ఉంచును. ప్రతిని వెలికి తీయునపుడు దాని స్థానమున సరియైన సంఖ్య వచ్చి చేరును. 1982 నాటి వాల్టర్ టిచీ గారి ఆర్.సి.ఎస్. కూడ ఈ మార్గమునే అనుసరించెను.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన గిట్ పద్ధతి వేరు. అందు నమోదైన ప్రతి మార్పునకును, దాని విషయమునుండియే లెక్కించిన గుర్తు ఏర్పడును. సాధారణముగా దానికి 40 అంకెలు, అక్షరములు ఉండును. అది మనుష్యులకు జ్ఞాపకముండదు. కావున ముఖ్యమైన ప్రతికి ట్యాగు అను పేరు పెట్టుదురు. వివరములతో పెట్టిన ట్యాగులో పెట్టినవారి పేరు, తేది, ఒక వాక్యము నిలుచును, మన లేఖకుని పంక్తులవలెనే. పిమ్మట డిస్క్రైబ్ అను ఆజ్ఞ నిచ్చినచో, సమీపమున వెనుకనున్న ట్యాగును, అటు తరువాతి మార్పుల లెక్కను, గుర్తులోని మొదటి భాగమును కలిపి చెప్పును. నమోదు చేయని మార్పులున్నచో, కోరినయెడల, డర్టీ, అనగా మలినము, అనియు చేర్చును.

ప్రోగ్రాము తయారగునపుడే ఈ జవాబును దానిలో అచ్చొత్తవలెను. ఫిర్యాదు వచ్చిననాడు ఆ గుర్తు నడిగి, ఆ ప్రతినే మరల వెలికి తీయవచ్చును. మలినమను మాట కనబడినచో, ఆ ప్రతి భాండారములో దొరకదని ముందే తెలియును. తెలియని దానిని తెలియదని చెప్పు గుర్తే నమ్మదగిన గుర్తు.