పిల్లలు కాలేజీ టూర్‌లో దుబాయ్ వస్తున్నారా? చవక హోటల్ సంగతులు, బిల్లు లెక్కలు

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాలను లెక్కలతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాం. డ్యూటీలో వింటూ నోట్ చేసుకోవడం కుదరనివాళ్లు దీన్ని ఇంటికి, కాలేజీ సార్లకు వాట్సాప్‌లో పంపొచ్చు.

ఊళ్ల నుంచి కాలేజీలు, స్కూళ్లు ఇప్పుడు పిల్లలను దుబాయ్ టూర్‌కు తీసుకొస్తున్నాయి. మనలో కొందరి పిల్లలూ ఆ గుంపులో ఉంటారు. రెండేళ్లకోసారి, మూడేళ్లకోసారి చుట్టీ మీద పోయి చూసుకునే బిడ్డ మూడు రాత్రులు ఇదే ఊళ్లో ఉంటుందంటే మామూలు విషయం కాదు. మనముండేది క్యాంపులో, లేకపోతే బెడ్ స్పేస్‌లో. అక్కడికి పిల్లలను తీసుకుపోలేం. కాబట్టి కలిసేది వాళ్లు దిగిన హోటల్ దగ్గరే. ఆ హోటల్ ఎలాంటిది, బిల్లు ఎంతవుతుంది, మనల్ని లోపలికి రానిస్తారా అన్నవి ముందే తెలిసుంటే ఆ కొద్ది గంటలూ చిరాకు పడకుండా గడుస్తాయి.

హోటల్ ఎక్కడ చూడాలి

చవక హోటళ్లు ఎక్కువగా ఉండేది పాత ఊళ్లోనే. డేరా వైపు అల్ రిగ్గా, బనియాస్ స్క్వేర్, నాయిఫ్. క్రీక్‌కు అవతల బర్ దుబాయ్, మీనా బజార్ చుట్టుపక్కల. ఇక్కడ మెట్రో దగ్గర, మన భోజనం దగ్గర. కరామా కూడా దూరం కాదు.

అయితే ఈ ఏరియాల్లో ఒక సంగతి అడిగి తెలుసుకోవాలి. కొన్ని చవక హోటళ్లలో కిందనో పైనో బార్, డ్యాన్స్ క్లబ్ ఉంటుంది. తెల్లవారుజాము దాకా పాటలు, లిఫ్ట్ దగ్గర జనం. మనకు ఇది తెలుసు, ఊళ్లో ఉన్న ప్రిన్సిపాల్‌కు తెలియకపోవచ్చు. ఫోటోల్లో గదులు ఒక్కటే కనబడతాయి. "హోటల్లో బార్ ఉందా, మద్యం అమ్ముతారా?" అని బుక్ చేసేముందే అడగమని చెప్పండి. మద్యం అమ్మని హోటళ్లు ఈ ఏరియాల్లోనూ ఉన్నాయి. మీకు డేరా దగ్గరైతే ఒక సాయంత్రం పోయి చూసి రండి. అరగంట పని, కానీ ఆ ఊరి నుంచి ఇంకెవరూ చేయలేని పని.

షార్జాలో గది ఇంకా చవకగా దొరకొచ్చు, అక్కడ మద్యం అమ్మకమే లేదు. కానీ షార్జాకు మెట్రో లేదు. సాయంత్రం ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఎలా ఉంటుందో రోజూ పోయేవాళ్లనడగండి. చూడాల్సినవన్నీ దుబాయ్‌లో ఉన్నప్పుడు గదిలో మిగిలిన డబ్బు బస్సులోనే పోతుంది, టైమూ పోతుంది.

స్క్రీన్ మీద ఒక రేటు, కౌంటర్ దగ్గర ఇంకో రేటు

గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. యాప్‌లో కనిపించే గది రేటు మీద మామూలుగా ఇవి కలుస్తాయి: సర్వీస్ చార్జీ 10 శాతం, మునిసిపాలిటీ ఫీజు 7 శాతం, 2018 నుంచి వ్యాట్ 5 శాతం. వీటికి తోడు 2014లో మొదలైన టూరిజం దిర్హమ్ ఒకటుంది. ఇది గదికి, రాత్రికి ఇంత అని లెక్క. టూ స్టార్, త్రీ స్టార్ హోటల్‌కు 10 దిర్హాములు, ఫోర్ స్టార్‌కు 15, ఫైవ్ స్టార్‌కు 20. మనుషులను బట్టి కాదు, గదిని బట్టి. గదిలో ఇద్దరున్నా ముగ్గురున్నా అంతే.

ఉదాహరణకు త్రీ స్టార్ హోటల్లో గది రేటు రాత్రికి 200 దిర్హాములు అనుకుందాం. సర్వీస్ చార్జీ 20, మునిసిపాలిటీ 14, వ్యాట్ దాదాపు 11, టూరిజం దిర్హమ్ 10. మొత్తం 255. మూడు రాత్రులకు 765. ముగ్గురు పంచుకుంటే తలకు 255.

స్క్రీన్ మీద చూసిన 200 లెక్కనే పట్టుకుంటే తలకు 200 అనుకుని వస్తారు. తేడా మనిషికి 55 దిర్హాములే. కానీ 42 మంది గ్రూపుకు 14 గదులైతే ఆ తేడా 2,310 దిర్హాములవుతుంది. రాత్రి పూట రిసెప్షన్ ముందు నిలబడి ఆ డబ్బు ఎవరు కట్టాలని సార్లు తర్జనభర్జన పడటం కంటే "అన్ని ట్యాక్సులూ కలిపి మొత్తం ఎంత?" అని ముందే రాతపూర్వకంగా అడగడం మేలు. టూరిజం దిర్హమ్‌ను మాత్రం చాలా హోటళ్లు అక్కడికొచ్చాకే విడిగా తీసుకుంటాయి. డిపాజిట్ కూడా అడగొచ్చు. కట్టిన ప్రతిదానికీ రసీదు తీసుకోమనండి, లేకపోతే గది ఖాళీ చేసేటప్పుడు అడగడానికి నోరుండదు.

రేటు సీజన్‌ను బట్టి మారుతుంది. నవంబర్ నుంచి మార్చి దాకా చల్లగా ఉంటుంది కాబట్టి ఎక్కువ. అంటే సంక్రాంతి సెలవులకు వస్తే పిరం. ఎండాకాలం సెలవుల్లో రేటు దిగుతుంది, కానీ పగలు బయట తిరగడం పిల్లల వల్ల కాదు.

గదిలో ముగ్గురంటే మూడు మంచాలేనా?

చాలా హోటళ్లలో గదికి రెండు మంచాలే. మూడోది మడతమంచం, దానికి విడిగా డబ్బు అడగొచ్చు. అదీ ముందే తేల్చుకోవాలి. ఆడపిల్లల గదులు, మేడమ్‌ల గదులు ఒకే ఫ్లోర్‌లో కావాలని బుకింగ్‌లోనే రాయించాలి. ఫ్లైటు పొద్దున్నే దిగినా గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడింటికే. అప్పటిదాకా సామాను పెట్టుకోనిస్తారా అని అడగండి.

ఇంటి నుంచి రైస్ కుక్కర్ తెచ్చి గదిలో వండుకోవడం కుదరదు, ఫైర్ అలారం మోగుతుంది. వండుకోవాలంటే కిచెన్ ఉన్న హోటల్ అపార్ట్‌మెంట్ తీసుకోవాలి.

చెక్ ఇన్‌లో ప్రతి ఒక్కరి ఒరిజినల్ పాస్‌పోర్టూ చూస్తారు, జిరాక్స్ కాపీ చాలదు. స్కాన్ చేసుకుని తిరిగి ఇస్తారు. అందరివీ వెనక్కి వచ్చాయో లేదో అక్కడే లెక్కపెట్టుకోవాలి.

మరి మనం కలవడం ఎలా?

హోటల్లో పేరు రాయించుకోనివాళ్లు గదిలో రాత్రి ఉండటానికి లేదు, సొంత తండ్రైనా సరే. పైగా ఆ గదిలో వేరేవాళ్ల పిల్లలూ ఉంటారు. అందుకని లాబీలో కలవండి. ఎమిరేట్స్ ఐడీ దగ్గర పెట్టుకోండి, రిసెప్షన్‌లో అడగొచ్చు.

బిడ్డను బయటికి తీసుకుపోవాలంటే టూర్ సార్‌కు ముందే తెలియాలి. ఊళ్లో ఉన్న మీ ఇంటావిడతో కాలేజీకి ఒక లెటర్ ఇప్పించండి: ఫలానా రోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా తండ్రితో పంపమని, అందులో మీ పేరు, ఫోన్ నంబరు. లెటర్ లేకుండా సార్ పంపకపోతే ఆయన్ని తప్పుపట్టలేం. అంతమంది పిల్లల బాధ్యత ఆయన మీద ఉంది. మీకు ఆఫ్ ఏ రోజో టూర్ ప్లాన్ వేసేటప్పుడే చెప్తే, ఆ సాయంత్రం ఖాళీ ఉంచమని అడగొచ్చు.

ఖర్చు లేకుండా తిప్పాలంటే డేరా నుంచి బర్ దుబాయ్‌కు అబ్రా ఎక్కండి, మనిషికి ఒక దిర్హమే. అక్కడ క్రీక్ ఒడ్డున కూర్చుని ఒక కరక్ చాయ్ తాగినా చాలు.

రాకముందు పిల్లలకు చెప్పాల్సినవి

గసగసాలు, అవి వేసిన మసాలా తేవద్దు. ఇక్కడ అవి నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు అనుమతి లేకుండా తేకూడదు. అమ్మ ప్రేమగా కట్టిన సంచి ఎయిర్‌పోర్టులో కేసు కాకూడదు.

ఎయిర్‌పోర్టులో టెర్మినల్ 1, 3 దగ్గర మెట్రో ఉంది, టెర్మినల్ 2 దగ్గర లేదు. అక్కడ దిగే గ్రూపు బస్సు మాట్లాడుకోవాలి. మెట్రోలో ఏమీ తినకూడదు, తాగకూడదు. ఆడవాళ్ల, పిల్లల బోగీలోకి మగపిల్లలు ఎక్కకూడదు. రెండింటికీ ఫైన్ 100 దిర్హాములు.

ఈ వివరాలు టూర్ డబ్బు కట్టకముందే కాలేజీకి చేరాలి, కట్టాక అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఇంకేమైనా అడగాలంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.