ఇసుక రేణువంత పూస

కుక్క కరచినచో బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు పొడిపించుకొనవలెనను మాట తెలుగునాట పెద్దలందరును ఎరిగినదే. ఆ సూదులకు జడిసి, పసరు మందు కట్టించుకొని యింటనే యుండిపోయి, ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారును కలరు. నేడు ఆ సూదులు లేవు. భుజముపై కొద్దిపాటి మందుతో పని తీరుచున్నది. ఈ మార్పునకు తోడ్పడినవానిలో కంటికి ఆనీ ఆననంతటి పూస యొకటి కలదు.

పాత మందును 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ రూపొందించెను. గొఱ్ఱె మెదడులో రేబీస్ వైరస్‌ను పెంచి, ఆ మెదడునే నూరి, కార్బాలిక్ ఆమ్లముతో వైరస్‌ను చంపి ఎక్కించెడివారు. మందులో మెదడు పదార్థము కలిసియుండుటచే కొందరికి పక్షవాతము వచ్చెడిది. పటుత్వము తక్కువ గనుక అన్ని సూదులు కావలసివచ్చెను. 2005 నాటికి మన దేశమున దాని వాడుక ముగిసెను.

దేహము వెలుపల పెంచిన జీవకణములలో వైరస్‌ను పెంచుట ఇంతకంటె మేలైన మార్గము. 1962లో జపానులోని చీబా విశ్వవిద్యాలయమున ఆఫ్రికా కోతి మూత్రపిండమునుండి తీసిన వీరో కణములు ఇందుకు తగినవి. అయితే పందిరి లేనిదే పొట్లపాదు కాపు పట్టనట్లు, అంటిపెట్టుకొనుటకు తలము లేనిదే ఈ కణములు పెరుగవు. గాజుబుడ్డి గోడపై ఒకే పొరగా పరచుకొని, చోటు నిండగనే ఆగిపోవును. లక్షల మందికి మందు కావలెనన్న లెక్కలేనన్ని బుడ్లు కావలెను. ప్రతి బుడ్డి మూతయు మలినము దూరుటకు ఒక ద్వారమే.

1967లో హాలెండు శాస్త్రజ్ఞుడు వాన్ వెజెల్ దీనికొక ఉపాయము కనుగొనెను. గోడకు బదులుగా, పోషకద్రవములో తేలియాడు పూసలను కణములకు ఆధారముగా ఇచ్చెను. ఆ పూసలు డెక్‌స్ట్రాన్ అను పాలిమరుతో చేసినవి. పాలిమరనగా చిన్న అణువులు దండలోని పూలవలె వరుసగా కూడి ఏర్పడిన పెద్ద అణువు. డెక్‌స్ట్రానులో ఆ చిన్న అణువు గ్లూకోజు. పూసకు ధనవిద్యుదావేశము కల్పించుటచే, ఋణావేశము గల కణములు వచ్చి దానిని అంటుకొనును.

లాభమెంతయో లెక్కవేసి చూడవచ్చును. ఒక సెంటీమీటరు గోళీకి బదులు, అంతే పదార్థముతో మిల్లీమీటరులో అయిదవ వంతు పూసలు చేసినచో, మొత్తము ఉపరితలము ఏబది రెట్లగును. సైటోడెక్స్ అను రకపు పూసలను పొడిగా తూచి ఒక గ్రాము తీసికొన్నచో, నీటిలో ఉబ్బిన పిదప సుమారు 4,400 చదరపు సెంటీమీటర్ల తలము లభించును. అనగా వార్తాపత్రిక రెండు పుటలకు మించిన వైశాల్యము! బుడ్ల వరుసలు చేయు పనిని ఒక్క తొట్టి చేయును. చల్ల చిలికినట్లు చిలికినచో కణములు నలిగిపోవును. పాయసము అడుగంటకుండ త్రిప్పినంత నెమ్మదిగా కదుపవలెను. కణములు నిండిన పిదప వైరస్‌ను చేర్చి, పెరిగినదానిని తీసి, చంపి, శుద్ధి చేయుదురు.

ఫ్రాన్సులో 1985లో వచ్చిన వెరోరాబ్ టీకా ఇట్లు పూసలపై పెంచిన వీరో కణములనుండి పుట్టినదే. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి అభయ్‌రాబ్ కూడ వీరో కణములనుండి తయారగునదే.

ఈ సూత్రము టీకాలతో ఆగలేదు. సున్నము పడి కాలిన కంటికి, రోగి కంటినుండియే కొద్ది కణములు తీసి, ఉల్బపు పొరపై పెంచి అతుకుపని హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుండి ఆరంభమైనది. అక్కడ పూసకు బదులు పొర. కణమునకు ఆధారము కావలెనను నియమము ఒక్కటే. శస్త్రచికిత్సలో తమంతట కరగిపోవు కుట్టుదారముల జాతి పాలిమరులతో పూసలు చేసి, వానిపై కణములను పెంచి, ఎముకలోను మృదులాస్థిలోను నిలుపు ప్రయత్నములును ప్రయోగశాలలలో సాగుచున్నవి. కణములు స్థిరపడునప్పటికి పందిరి తానే కరగిపోవునన్నమాట.

ఇంత శ్రమతో సిద్ధమైన మందు, వేళకు చేరినవారినే కాపాడును. వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప చికిత్స దాదాపు లేదు. కావున మంగళగిరివారైనను, దివిసీమవారైనను, కుక్క కరచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము, పసరు పూయరాదు. ఆనాడే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. తొలినాడు, 3వ, 7వ, 28వ దినములలో భుజముల చర్మములోనికి మందు ఎక్కింతురు. గాయము లోతైనచో అందులోనే మరియొక రక్షక ద్రవమును కూడ ఎక్కింతురు. నడుమ మానరాదు. బొడ్డు చుట్టు సూదుల కాలము గడచినది. ఆ భయమును కూడ విడువవలెను.