మార్కులు గుమ్మం వరకే: గౌరవ సంఘంలో చేరగోరిన విద్యార్థిని వాదన

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలలో పిల్లలు ఉన్నత పాఠశాలకు చేరగానే ఒక పేరు తరచుగా వినబడుతుంది. అది ‘నేషనల్ ఆనర్ సొసైటీ’. తెలుగులో చెప్పుకోవాలంటే జాతీయ గౌరవ సంఘం. మనవరాలు అందులో చేరగోరుతున్నదని కర్నూలులోనో, గుంటూరులోనో, నిజామాబాదులోనో ఉన్న దాదీకి ఫోనులో కబురు అందుతుంది. అది ర్యాంకా, ఉపకార వేతనమా, పరీక్షా అని ఆమె అడుగుతుంది. ఈ మూడింటిలో ఏదీ కాదు. ఒక విద్యార్థి గురించి అతని ఉపాధ్యాయులు ఇచ్చే సాక్ష్యం అది. సాక్ష్యం అన్న మాట వచ్చిన తరువాత విశ్వాసులైన కుటుంబాలు దానిని తేలికగా తీసుకోజాలవు. కనుక ఈ సంఘం ఏమిటో, అందులో చేరదలచిన విద్యార్థి తన అర్హతను ఎట్లా నివేదించుకోవాలో పరిశీలిద్దాం.

నూరేళ్లు దాటిన వ్యవస్థ

ఈ సంఘం 1921లో ఏర్పడింది. అమెరికాలోని మాధ్యమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయుల జాతీయ సంఘం దీనిని స్థాపించింది. పెన్సిల్వేనియా రాష్ట్రం పిట్స్‌బర్గ్ నగరంలోని ఫిఫ్త్ అవెన్యూ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఎడ్వర్డ్ రైనియర్సన్ దీనికి ఆద్యుడు. మొదటి శాఖ కూడా ఆయన పాఠశాలలోనే వెలిసింది. చిన్న తరగతుల వారి కోసం 1929లో జూనియర్ సంఘం ఏర్పడింది.

దీనికి నాలుగు స్తంభాలు ఉన్నాయి. అవి విద్య, సేవ, నాయకత్వం, శీలం. మార్కులు ఒక్కటే చాలవని, చదువుతోపాటు నడవడిక కూడా చూడాలని స్థాపకుల ఉద్దేశం.

ఈ ఆలోచన మన మదరసాలలో చదివినవారికి కొత్తగా తోచదు. హదీసు శాస్త్రంలో ఒక ఉల్లేఖకుని మాట స్వీకరించాలంటే పండితులు రెండు విషయాలు విచారిస్తారు. ఒకటి ‘జబ్త్’, అంటే విన్నదానిని పొల్లుపోకుండా భద్రపరచగల శక్తి. రెండవది ‘అదాలత్’, అంటే సత్యసంధత, సత్ప్రవర్తన. అపారమైన జ్ఞాపకశక్తి ఉండి నడవడిక సరిగా లేనివాని ఉల్లేఖనం నిలువదు. గొప్ప భక్తిపరుడై ఉండి జ్ఞాపకం తడబడేవానిదీ నిలువదు. విద్యను, శీలాన్ని ఒకే తక్కెడలో తూచే పద్ధతి మనకు అనాదిగా ఉన్నదే.

ఎంపిక జరిగే విధం

సాధారణంగా పది, పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులు దీనికి అర్హులు. ఆ పాఠశాలలో కనీసం ఒక అర్ధ సంవత్సరమైనా చదివి ఉండాలి. సగటు మార్కులు 85 శాతం, లేదా ‘బి’ శ్రేణి, లేదా 4.0 కొలమానంలో 3.0 ఉండాలన్నది దేశమంతటికీ వర్తించే కనీస నియమం. ఏ పాఠశాల అయినా ఈ పరిమితిని పెంచుకోవచ్చును, తగ్గించుకునే వీలు లేదు.

ఈ పరిమితిని అందుకున్న వారందరూ సభ్యులైపోరు. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరబడుతుంటారు. మార్కులు గుమ్మం వరకే తీసుకువెళతాయి. ఆ తరువాత విద్యార్థి తన సేవా కార్యాలను, నిర్వహించిన బాధ్యతలను ఒక పత్రంలో రాసి సమర్పిస్తాడు. అనేక పాఠశాలలు చిన్న వ్యాసం కూడా రాయిస్తాయి. ప్రధానోపాధ్యాయుడు నియమించిన అయిదుగురు ఉపాధ్యాయుల మండలి వాటిని చదివి, అధిక సంఖ్యాకుల అభిప్రాయాన్ని బట్టి నిర్ణయిస్తుంది. సభ్యత్వం హక్కు కాదనీ, అది ఇవ్వబడే గౌరవమనీ నిబంధనావళి భావన.

నాయకత్వమంటే ఎన్నికై పదవిలో కూర్చోవడం మాత్రమే కాదు. తరగతిలో, సమాజంలో ఒక మంచి పనికి ముందు నిలబడి నలుగురిని కలుపుకొనిపోయిన వానికి కూడా ఆ గుణం ఉన్నట్లే. సేవ అంటే ప్రతిఫలం ఆశించకుండా పాఠశాలకో, సమాజానికో చేసిన పని. శీలమంటే గౌరవం, బాధ్యత, నమ్మకస్తత్వం, న్యాయం, దయ, పౌరధర్మం.

కొందరు తల్లులు ఇంకొక సందేహం కూడా అడుగుతుంటారు. ప్రవేశ సభలో చాలాచోట్ల నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తారు. అవి పై నాలుగు గుణాలకు గుర్తులు. అందులో ఆరాధన ఏమీ లేదు. అయినా మనసు ఒప్పుకోని వారు సంఘ పర్యవేక్షకులైన ఉపాధ్యాయులను ముందుగానే కలిసి మర్యాదగా మాట్లాడుకోవడం మంచిది.

తన మంచిని తాను చెప్పుకోవచ్చునా?

మా పూర్వ విద్యార్థి ఒకరు టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ పరిసరాలలో కుటుంబంతో నివసిస్తున్నారు. పదకొండవ తరగతి చదువుతున్న ఆయన కుమార్తె ఈ సంఘానికి రాసిన వ్యాసాన్ని ఆయన మాకు పంపి ఒక ప్రశ్న అడిగారు. “హజ్రత్, చేసిన మంచిని దాచుకోమని మీరే మాకు నేర్పారు. ఇప్పుడు నా బిడ్డ తన మంచిని తానే కాగితం మీద పెట్టవలసి వచ్చింది. ఇది ప్రదర్శనాబుద్ధి కాదా?” అని.

ప్రశ్న విలువైనది. మనలను మనం పవిత్రులమని చాటుకోరాదని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తున్నది. పదవిని కోరుకోవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు బోధించిన సంగతి కూడా మనకు తెలుసు. అయితే అదే ఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం కూడా ఉన్నది. రాజ్యంలోని ధాన్యాగారాలను తనకు అప్పగించమని ఆయన స్వయంగా కోరారు. తాను వాటిని కాపాడగలననీ, ఆ పని తెలిసినవాడననీ చెప్పారు. కరువు రానున్నది, ప్రజల ప్రాణాలు నిలపాలి. ఆ సమయంలో తెలిసినవాడు మౌనంగా కూర్చోవడం వినయం అనిపించుకోదు.

ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగానే ఉన్నది. అడిగిన వారికి, అవసరమైనంత మేరకు, నిజాన్ని చెప్పడం నివేదన. అడగకున్నా, అవసరాన్ని మించి, పెంచి చెప్పడం ప్రదర్శన. ఉపాధ్యాయుల మండలి అడిగింది కనుక ఆ అమ్మాయి చెప్పవచ్చును. ఎంత చెప్పాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఆ అమ్మాయి వాదన

ఆమె మొదటి ప్రతిలో కళాశాల ప్రవేశానికి ఈ సభ్యత్వం ఉపకరిస్తుందన్న మాట మూడుచోట్ల ఉన్నది. అది అబద్ధమేమీ కాదు. కానీ ఒక మండలి ఎదుట నిలబడి “నాకు ఇది లాభం” అని చెప్పడం వాదన అనిపించుకోదు. ఆ లాభం ప్రతి దరఖాస్తుదారునికీ ఉన్నదే.

రెండవ ప్రతి వేరుగా ఉన్నది. దాని సారాంశం ఇది. తాను ఏ క్లబ్బుకూ అధ్యక్షురాలు కాదు. అయితే రెండేళ్లుగా, ఇతర దేశాల నుండి కొత్తగా వచ్చి ఇంగ్లీషు సరిగా రాని పిల్లలతో భోజన విరామంలో కూర్చుంటున్నది. మొదట ఒక్కతే ఉండేది. తరువాత మరి నలుగురు స్నేహితురాళ్లను పిలిచి, ఎవరు ఏ రోజు కూర్చోవాలో పట్టిక వేసింది. తాను జ్వరంతో రాలేకపోయిన వారంలో కూడా ఆ పని ఆగలేదు. నాయకత్వానికి ఇంతకంటె మంచి నిరూపణ ఏమి కావాలి? తాను లేకపోయినా నడిచే పనిని నిలబెట్టడమే కదా నాయకుని లక్షణం! సంఘంలో చేరితే ఈ పనిని గణితానికి కూడా విస్తరించాలని, తాను పాఠశాల విడిచి వెళ్లేలోగా చిన్న తరగతుల వారికి దానిని అప్పగించాలని ఆమె రాసింది.

ఇంట్లో మంచాన ఉన్న నానీ గురించి రాయాలా వద్దా అన్న చోట తల్లీకూతుళ్ల మధ్య వాదం వచ్చింది. మందులు వేయడం, వజూ చేయించడం, రాత్రి లేచి నీళ్లు అందించడం ఈ అమ్మాయి పనే. “అది నీకూ అల్లాహ్‌కూ మధ్యనే ఉండనీ బేటీ” అని తల్లి అన్నది. “చదువుకు తప్ప మిగతా క్లబ్బులకు నాకు సాయంత్రాలు ఎందుకు లేవో వారికి ఎట్లా తెలుస్తుంది అమ్మీ?” అని కూతురు అడిగింది.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. అనేక పాఠశాలలు ఇంటివారికి చేసిన ఊడిగాన్ని సేవా గంటలలో లెక్కించవు. కనుక దానిని సేవ కింద చూపరాదు. కానీ బాధ్యత శీలంలో భాగం. ఒకే ఒక వాక్యంలో, ఇంట్లో వృద్ధురాలైన అమ్మమ్మ సంరక్షణ తన బాధ్యత అని రాస్తే చాలునని మేము సలహా ఇచ్చాము. ఆమె వ్యాధి వివరాలు, బాధ, మంచం పరాయివారి ముందు పరచవలసినవి కావు. అవి ఆ పెద్దావిడ అమానతు.

గంటల లెక్క

అసలు పరీక్ష మరొకచోట ఎదురైంది. ఆ పాఠశాలలో సేవా గంటలను ఎవరైనా పెద్దలు సంతకం చేసి ధ్రువీకరించాలి. ఈ అమ్మాయి లెక్క నియమానికి 12 గంటలు తక్కువ. భోజన విరామపు పనికి ఎవరి సంతకమూ లేదు. కుటుంబానికి తెలిసిన ఒక పెద్దాయన, “దానిదేముంది, నేను 20 గంటలకు సంతకం పెట్టిస్తాను. అందరూ చేసే పనే” అన్నారట. ఆమె ఒప్పుకోలేదు. తన పర్యవేక్షక ఉపాధ్యాయురాలి దగ్గరకు వెళ్లి, తక్కువ పడిన గంటల సంగతీ, విరామ సమయపు పని సంగతీ ఉన్నది ఉన్నట్లు చెప్పింది. ఆ పని జరుగుతున్న గదిని చూసే టీచరు సంతకం చేస్తే లెక్కించవచ్చునని ఆమెకు జవాబు వచ్చింది.

ఆ టీచరు ఒప్పుకోకపోయి ఉంటే దరఖాస్తు అక్కడితో ఆగిపోయేది. ఆ సంగతి తెలిసే ఆ అమ్మాయి నిజం చెప్పింది. ఆమె రాసిన వ్యాసం కంటె ఈ పనే ఆమె శీలానికి బలమైన ఆధారం. ఇది వ్యాసంలో రాయలేదు, రాయనవసరమూ లేదు.

ప్రేమతోనే పిల్లలకు దొంగ సంతకాలు సమకూర్చే పెద్దలు ఆలోచించాలి. చేయని పనికి చేసినట్లు రాయడం అసత్య సాక్ష్యం. అది ఘోర పాపాలలో ఒకటని మన పిల్లలకు మక్తబ్‌లోనే నేర్పుతాం. శీలాన్ని గౌరవించే సంఘంలోకి శీలం పోగొట్టుకొని ప్రవేశిస్తే ఆ పతకం మెడలో ఏమని పలుకుతుంది?

చేరిన తరువాత, చేరలేకపోయినా

సభ్యత్వం దొరకడంతో బాధ్యత ముగియదు. మార్కులు, ప్రవర్తన అదే స్థాయిలో నిలుపుకోవాలి. శాఖ చేపట్టే సేవా కార్యక్రమాలలో పాల్గొనాలి. ప్రమాణాలు జారిపోతే లిఖితపూర్వకంగా హెచ్చరిస్తారు. సభ్యుని వాదన విన్న తరువాతనే తొలగిస్తారు. అట్లా తొలగించబడిన వారికి మళ్లీ సభ్యత్వం రాదు. ఊరు మారి మరొక పాఠశాలకు వెళ్లిన సభ్యులు మాత్రం పాత పాఠశాల నుండి లేఖ తీసుకువెళితే అక్కడ కూడా సభ్యులుగానే కొనసాగుతారు.

ఎంపిక కాని పిల్లల విషయంలో తల్లిదండ్రులు మరింత జాగ్రత్త వహించాలి. “ఫలానా వాళ్ల అబ్బాయికి వచ్చింది, నీకెందుకు రాలేదు?” అన్న ఒక్క మాట పిల్లవాని మనసులో ఏళ్ల తరబడి ముల్లుగా ఉండిపోతుంది. పొరపాటు జరిగిందనిపిస్తే ఆ పాఠశాలలోనే ప్రధానోపాధ్యాయుని వద్ద విన్నవించుకోవచ్చును. జాతీయ కార్యాలయం ఎంపికలలో జోక్యం చేసుకోదు.

ఈ వ్యాసం రాసేనాటికి ఆ అమ్మాయి విషయంలో మండలి నిర్ణయం ఇంకా వెలువడలేదు. ఏది వచ్చినా భోజన విరామపు పట్టికలో సోమవారం ఎవరిదో ముందే రాసి ఉన్నదని ఆమె తండ్రి తెలిపారు. మన పిల్లలు దరఖాస్తు పూర్తి చేసే రోజున మనం వారిని అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. ఈ సంఘం లేకపోయినా నీవు ఈ పని చేసి ఉండేవాడివా? అవునని నిజాయితీగా చెప్పగల బిడ్డ ధైర్యంగా దరఖాస్తు చేయవచ్చును. జవాబు కోసం తడబడే బిడ్డను మందలించవలసిన పనిలేదు. అతనికి చేయదగిన మంచి పని ఒకటి చూపించి, మనం కూడా పక్కన నిలబడి దానిని ఆరంభించడం మన బాధ్యత.