సత్యభామ కంఠము

ఒక జాతి తన స్త్రీలను గూర్చి యేమి తలంచుచున్నదో తెలియవలెనన్నచో దాని ధర్మశాస్త్రములను మాత్రమే చూచినఁ జాలదు; ఆ జాతి యే పాటను మరల మరల పాడించుకొనునో వినవలెను. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల నాటకాభిమానులు తెల్లవారువరకు మేలుకొని, 'వన్సుమోరు' కేకలతో పాడించుకొన్న పాటలలో మిన్నయైనది శ్రీకృష్ణ తులాభారమునందలి 'మీరజాలగలడా'. దానిని రచించినవారును, సత్యభామ వేషమున పాడి ప్రఖ్యాతము గావించినవారును స్థానం నరసింహారావుగారు.

వీరు 1902 లో బాపట్లలో జన్మించిరి. హరిశ్చంద్ర నాటకమున చంద్రమతిగా రంగమునెక్కి, పిదప తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి ఆంధ్రదేశమంతటను కీర్తి గడించిరి. సత్యభామయే గాక చిత్రాంగి, రోషనార, దేవదేవి, మధురవాణి మున్నగు పాత్రలన్నియు వీరివే. 1956 లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమొసఁగెను. తమ రంగస్థలానుభవములను 'నటస్థానము' అను గ్రంథమున వ్రాసియుంచి, 1971 లో దివంగతులైరి.

గంటలకొలది రాగాలాపన చేయుటయే నటనయని పలువురు భ్రమించిన కాలమున, స్థానంవారు భావమును ముందుంచి రాగమును దాని వెంట నడిపించిరి. ఒక్క పల్లవినే పలుమారులు పాడుచు, పాడినప్పుడెల్ల వేఱొక భావమును చూపుట వీరి విద్య. ఆ పాటలో సత్యభామ వేఁడుకొనదు, విలపింపదు. జగన్నాథుఁడైనను తన యానతి దాఁటలేఁడని ధీమాగా చాటుకొనును. నాటకాంతమున రుక్మిణీదేవి యుంచిన తులసీదళము ముందు ఆమె సంపదయంతయు తేలిపోవును, గర్వము భంగమగును. కవి బోధించిన నీతి యదియే. అయినను ప్రేక్షకుల నాలుకపై నిలిచినది ఆ నీతి గాదు, ఈ పాట. పోతన భాగవతమున విల్లందుకొని నరకాసుర సైన్యము నెదిర్చిన వీరనారిని తెలుఁగువారు గర్విష్ఠిగా మాత్రమే తలంపలేకపోయిరి.

ఇందొక వైపరీత్యము కలదు. స్త్రీశక్తి నింతగా మెచ్చుకొన్న ఆ రంగముపై స్త్రీకి చోటు మిక్కిలి యరుదు. కూచిపూడి భామాకలాపమునను పూర్వము పురుషులే భామ వేషము ధరించిరి. మహారాష్ట్రమున బాలగంధర్వుని కథయు నిట్టిదే. గృహిణి రంగమెక్కుట కులమునకు తలవంపని మనవారు భావించిరి. గానమే వృత్తిగాఁ గల కళావంతుల స్త్రీల పాట విని యానందించిరి గాని, వారికి గౌరవమీయలేదు. ఆ రోజులలోనే యీ ప్రాంతములకు అప్పటి జిల్లా ముఖ్యపట్టణమగు గుంటూరున 1922 లో శారదానికేతనము వెలసి బాలికలకు విద్య గఱపెను. దానిని నడపిన ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు స్వరాజ్యసమరమున కారాగారవాసమును సహించిరి. చెఱసాలకు పోవు స్త్రీని కొనియాడిన పెద్దలే నాటకశాలకు పోవు స్త్రీని శంకించిరి.

కాలము మాఱెను. 1966 నాటి శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రమున, తెనాలి చెంతనున్న దుగ్గిరాలలో పెరిగిన జమునగారు సత్యభామయైరి, పి. సుశీలగారు ఆ పాటను పాడిరి. అప్పటికి స్థానంవారు జీవించియేయుండిరి. పురుషుని కంఠమున పుట్టిన స్త్రీధిక్కారము స్త్రీ కంఠమును చేరెను. ఇంచుమించు అదే సమయమున అమెరికాలోను ఇట్టి వింతయే జరిగినది. నీగ్రో జాతీయుల 'సోల్' సంగీతమున ఓటిస్ రెడ్డింగ్ అను గాయకుఁడు 1965 లో, ఇంటికి వచ్చిన తనకు గౌరవము చూపుమని భార్యను కోరుచు ఒక పాట పాడెను. 1967 లో అరెతా ఫ్రాంక్లిన్ అను గాయని దానినే పాడఁగా, అది గౌరవమును కోరు స్త్రీల గీతమయ్యెను. పాట యదియే; పాడువారు మాఱఁగనే యర్థము మాఱినది.

స్త్రీపాత్రను స్త్రీకంటెను స్థానంవారే చక్కగా పోషించిరని యిప్పటికిని కొందఱందురు. వారి చీరకట్టును చూచి కులస్త్రీలు నేర్చుకొనిరనియు చెప్పుదురు. వారి ప్రతిభను కాదనువారెవరు? కాని పురుషుఁడు నటించి చూపినంతమాత్రమున స్త్రీ మాట్లాడినట్లు కాదు. సత్యభామ గర్వమును రంగముపై మెచ్చుకొని, అదే పౌరుషము మన యింటి కోడలియందు కన్పట్టిన సహింపకుండుట న్యాయమా?

శివరాత్రికిని శ్రీరామనవమికిని పందిళ్లు వేయించి నాటకము లాడించు పెద్దలకు మా మనవి యొక్కటియే. పాడఁగల బాలికకు విద్వాంసుని యొద్ద శిక్ష యిప్పింపుఁడు. ఆమెను మీ పందిటిలోనే పాడనిండు. ఆమె పాడినందుకు పెండ్లిచూపుల వేళ తప్పు పట్టకుండుఁడు. స్థానంవారి విగ్రహములకు వేయు పూలమాలలకంటె ఇదియే వారికి తగిన నివాళి.